మూడో చెయ్యి ఎక్కడ దొరుకుతుంది?

ఈ శీర్షికకి మామూలుగా వచ్చే ఉత్తరాలు బోరు మోటారు కాలిపోయిందనో, స్టార్టర్ కొట్టుకుంటోందనో ఉంటాయి. ఈసారి ఐదు ఉత్తరాలు తెరచాప పడవల మీదే వచ్చాయి, అదీ మన సీమ జిల్లాల నుంచే. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన వీధిలో పెరిగినవాణ్ణి, కర్నూల్లో కూర్చుని పడవల మీద జవాబులు రాస్తానని ఎన్నడూ అనుకోలేదు. నేవీలో ఉన్నన్నాళ్ళూ ఇంజన్ రూములో పని, ఆదివారమైతే తెరచాప పడవలో షికారు. ఆ అనుభవంతో తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: రిటైరై కడపలో ఉంటున్నాను సార్. చెన్నైలో 21 అడుగుల పాత ఫైబర్ పడవ కొని, అనుమతులు తెచ్చుకుని, గండికోట రిజర్వాయర్లో పెట్టుకున్నాను. ముందు తెరచాప, అదే జిబ్, 10 చదరపు మీటర్లు. తోడు వచ్చేవాళ్ళు లేరు, ఒక్కణ్ణే. గాలికి ఎదురుగా ట్యాక్ కొట్టేటప్పుడు, అంటే పడవ ముక్కుని గాలికి ఇటు నుంచి అటు తిప్పేటప్పుడు, చుక్కాని వదిలితే పడవ దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, వదలకపోతే జిబ్ తాడు లాగలేను. ఉన్నవి చిన్న పాతకాలపు వించ్‌లు, అదే, తాడు చుట్టి హ్యాండిల్‌తో తిప్పే డ్రమ్ములు. షాపులో అడిగితే 30 సైజు, రెండు గేర్ల సెల్ఫ్ టెయిలింగ్ వించ్‌లు జత పెట్టించి, తాళ్ళన్నీ కూర్చునే చోటికి తెచ్చుకోమన్నారు. పెట్టించమంటారా?

జవాబు: వద్దండీ. కనీసం ఇప్పుడే వద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బలం చాలడం లేదని మీరు ఎక్కడా రాయలేదు, చెయ్యి చాలడం లేదని రాశారు. ఒక చెయ్యి చుక్కాని కర్ర మీద, ఒకటి వించ్ హ్యాండిల్ మీద, ఇంకొకటి డ్రమ్ము నుంచి వచ్చే తాడు కొసని బిగపట్టడానికి. దేవుడు ఇచ్చింది రెండే. మీకు కావలసింది ఆ మూడో చెయ్యి, షాపతను అమ్మబోయింది బలం.

లెక్క చూద్దాం. జిబ్‌ని లాగే తాడుని షీట్ అంటారు (షీట్ అంటే గుడ్డ కాదు, తాడు, ఆ పేరు పెట్టినవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటాను). దాని మీద పడే లాగుడుకి వించ్ కంపెనీలు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది. గాలి వేగాన్ని నాట్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, తెరచాప చదరపు మీటర్లతో గుణించి, చివర 0.021తో గుణిస్తే కిలోల్లో వస్తుంది. నాట్లంటే వరినాట్లు కాదు లెండి, 20 నాట్ల గాలి అంటే గంటకి 37 కిలోమీటర్లు. మీ తెరచాపకి 10 నాట్ల గాలిలో 21 కిలోలు, 20 నాట్లలో 84 కిలోలు. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది, ఆషాఢం గాలికి పడవ ఉన్నట్టుండి మొండికేసినట్టు అనిపించేది అందుకే.

ఇప్పుడు మీ పాత వించ్. దానికి గేరు ఉండి ఉండదు. హ్యాండిల్ పొడవుని డ్రమ్ము వ్యాసంలో సగంతో భాగించి చూడండి. పది అంగుళాల హ్యాండిల్ 254 మిల్లీమీటర్లు, 65 మిల్లీమీటర్ల డ్రమ్ముకి సగం 32.5, భాగిస్తే ఇంచుమించు 8 వస్తుంది. వించ్ సైజు అని చెప్పే అంకె దాదాపుగా ఇదే, ఎన్ని రెట్ల బలం ఇస్తుందన్నది. 84ని 8తో భాగిస్తే పదిన్నర కిలోలు, రాపిడికి ఇంకో మూడు వేసుకోండి. బావిలో నిండు చేద తోడినంత శ్రమ, అదీ గట్టి గాలిలో. దీనికి 30 సైజు ఎందుకు? పైగా బలం పెరిగితే వేగం తగ్గుతుంది కదా. గేరు లేని మీ డ్రమ్ము మీద మీటరు తాడు లాగాలంటే ఐదు చుట్లు తిప్పితే చాలు. 16 సైజు మీద పది చుట్లు. 30 సైజు వించ్‌ని తక్కువ గేరులో తిప్పితే పందొమ్మిది దాకా పడుతుంది. మీరు అవన్నీ తిప్పి తలెత్తేసరికి ఎదురుగా కోట కింది రాతిగోడ ఉంటుంది.

పైసా ఖర్చు లేని పని ముందు చేసి చూడండి. ట్యాక్ కొట్టబోయే ముందే అవతలి వైపు వించ్ మీద, అదింకా ఖాళీగా ఉండగానే, అటు వైపు షీటుని (జిబ్‌కి చెరో వైపు ఒకటి ఉంటుంది) రెండు చుట్లు వేసి వదులు తీసి పెట్టుకోండి. డ్రమ్ము గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, చుట్టడమూ అటే. చుక్కాని కర్రని మోకాళ్ళ మధ్యకో తొడ కిందికో తెచ్చుకుని నెమ్మదిగా తిప్పండి. జిబ్ గాలి వదిలి పటపటలాడడం మొదలుపెట్టగానే పాత షీటు విడిచేసి, కొత్తది రెండు చేతులా లాగేయండి. అప్పుడు తాడులో బరువే ఉండదు, పాడి ఆవు పలుపు పట్టుకుని నడిచినట్టు వెంట వచ్చేస్తుంది. పడవ ముక్కు ఎంత నిదానంగా తిరిగితే మీకు అంత సమయం. తెరచాపలో గాలి నిండకముందే ముప్పాతిక తాడు చేతికొచ్చి ఉండాలి, హ్యాండిల్ పని చివరి జానెడు, మూరెడే. ఆలస్యమైందా, హ్యాండిల్‌తో కుస్తీ పట్టొద్దు, పడవ ముక్కుని ఒక్క క్షణం గాలి వైపు తిప్పిపట్టండి, తాడు మెత్తబడుతుంది, అప్పుడు లాగండి. మన వాళ్ళు చాలామంది బరువు పూర్తిగా పడేదాకా ఆగి, ఆ తర్వాత వించ్ మంచిది కాదంటారు.

ఇది అలవాటయ్యాక కూడా కష్టంగా ఉంటే చౌక మార్గం ఒకటుంది. వించ్ పక్కన, తాడు కొస వచ్చే దారిలో, ఒక మంచి క్యామ్ క్లీట్ బిగించండి. రెండు పళ్ళ దవడలుంటాయి, తాడుని అందులో వేసి లాగితే ముందుకొస్తుంది గానీ వెనక్కి పోదు. డ్రమ్ము మీద మూడు చుట్లు వేసి కొసని దవడల్లో పడేస్తే చెయ్యి ఖాళీ. పాత డ్రమ్ము మీద తొడిగే రబ్బరు రింగులు కూడా అమ్ముతారు, బరువెక్కితే జారతాయి, నాకు నచ్చలేదు.

అసలు కొనాలనే ఉంటే సెల్ఫ్ టెయిలింగే కొనండి, కానీ 14, 16 సైజు, ఒకే గేరుది. ఆ డ్రమ్ము నెత్తి మీద గాళ్ళున్న రెండు పళ్ళేలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, తాడు కొసని వాటి మధ్య వేస్తే అవే కరిచిపట్టి తిప్పిన కొద్దీ బయటికి నెడతాయి. మీరు డబ్బు పెట్టేది ఆ పళ్ళేలకి, 16 అనే అంకెకి కాదు. ఒక షరతుంది. ఆ పళ్ళేలు ఎంత లావు తాడుని పట్టుకుంటాయో వించ్ కాగితంలో రాసి ఉంటుంది, మీ షీటు అంతకంటే సన్నమైతే జారుతుంది, లావైతే దూరదు. తాడు చూసి వించ్, వించ్ చూసి తాడు, రెండూ కలిపి కొనాలి. నేను ఒకప్పుడు వించ్ కొన్నాక ఇంట్లో ఉన్న తాడే వాడదామని చూసి, రెండు నెలలు దాన్ని తిట్టి, చివరికి తాడే మార్చుకున్నాను.

ఎక్కడ పెట్టాలన్నది ఏ సైజు అన్నదాని కంటే పెద్ద విషయం. పడవ ట్రైలర్ మీద ఉండగానే ఎక్కి, చుక్కాని కర్ర చేత్తో పట్టుకుని, గాలి వచ్చే వైపు కూర్చుని చూడండి. నడుం వంచకుండా వించ్ అందాలి. అందకపోతే ఉన్న వించ్‌లనే అడుగు, అడుగున్నర వెనక్కి జరపడం కొత్తవి కొనడం కంటే ఎక్కువ పని చేస్తుంది. షీటుని అడ్డంగా తెచ్చి గాలి వచ్చే వైపు వించ్ మీద వేసుకుని, కూర్చున్న చోటు కదలకుండా లాగే పద్ధతి కూడా ఉంది, ఒక్కరే ఉన్నప్పుడు నేను అదే చేస్తాను.

కానీ తాడు డ్రమ్ము మీదికి కొంచెం కింది నుంచి పైకి ఎక్కుతూ రావాలి, ఐదు నుంచి పది డిగ్రీల వాలు చాలు. సమంగానో పై నుంచో వస్తే ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కి ముడిపడిపోతుంది, ఇక అది ముందుకీ రాదు, వెనక్కీ పోదు. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ఒకసారి నాకు అలాగే బిగుసుకుంది, మబ్బు కమ్ముకొస్తోంది, జిబ్ వదలదు, పడవ పక్కకి పడుకుంటోంది. ఇంకో తాడుని షీటుకి జారని ముడితో కట్టి, అవతలి వించ్ మీద వేసి లాగి, మొదటి డ్రమ్ము మీద బరువు తగ్గాక చుట్టు విప్పాను. చెమటలు పట్టాయి. తప్పు వించ్‌ది కాదు, కింద చెక్క దిమ్మె పెట్టకుండా బిగించిన నాదే. బరువు పడకముందే మూడు, నాలుగు చుట్లు వేసేసినా ఇదే గతి, మొదట రెండు, లాగాక మిగతావి.

వెనక్కి జరిపితే పాత కన్నాలు పూడ్చి కొత్తవి వేయాలి. ఫైబర్ డెక్కు రెండు పొరల మధ్య చెక్క ఉంటే బోల్టు బిగించగానే అది నలుగుతుంది, నీళ్ళు దిగితే కుళ్ళుతుంది. కన్నం పెద్దది చేసి, చుట్టూ చెక్క తవ్వి తీసేసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దానిలోనే అసలు కన్నం వేయండి. కింద వైపు మెరైన్ ప్లైవుడ్డో, అల్యూమినియం పలకో పెట్టి, స్టీలు బోల్టులతో బిగించండి. ఉత్త వాషర్లతో వదిలేయొద్దు.

ఇక తాళ్ళన్నీ వెనక్కి తేవడం. అన్నీ అక్కర్లేదు. జిబ్ చుట్టుకునే ఫర్లర్ రకం అయితే దాన్ని ఎత్తే తాడుతో నీళ్ళ మీద పనే ఉండదు, అది తెరచాప స్తంభం దగ్గరే ఉండనీయండి. రావలసింది పెద్ద తెరచాపని ఎత్తే హాలియార్డు, దాంతోపాటు రీఫ్ తాళ్ళు, అంటే గాలి పెరిగినప్పుడు తెరచాపని మడిచి చిన్నది చేసేవి. ఇక్కడే చాలామంది సగం పని చేస్తారు. హాలియార్డు మాత్రం వెనక్కి తెచ్చి, మడిచిన తెరచాపని తగిలించే రీఫ్ కొక్కెం స్తంభం దగ్గరే వదిలేస్తారు. అప్పుడు గాలి పెరిగిన ప్రతిసారీ ముందుకి పోయి కొక్కెం తగిలించడం, వెనక్కొచ్చి తాడు లాగడం, మళ్ళీ పోవడం. దానికంటే రెండూ స్తంభం దగ్గరే ఉండడం నయం. తెస్తే రెండూ తెచ్చుకోండి.

ప్రతి మలుపులో ఒక గిలక, ప్రతి గిలకలో కొంత రాపిడి. కపిల బావి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గిలక ఇరుసు ఎండిపోతే ఎద్దులు ఎంత రొప్పేవో. అందుకే బాల్ బేరింగు గిలకల మీద పెట్టే డబ్బు వించ్ మీద పెట్టే డబ్బు కంటే మంచి ఖర్చు. ఇంకో సంగతి, స్తంభం మొదట్లో తాడు 90 డిగ్రీలు మలుపు తిరిగితే ఆ గిలక మీద పడేది తాడులో ఉన్న బరువుకి 1.4 రెట్లు, పూర్తిగా వెనక్కి మళ్ళితే రెండు రెట్లు. గిలకని పట్టుకున్న బోల్టు అందుకు సరిపోవాలి. వెనక్కి వచ్చిన తాళ్ళకి తలా ఒక క్లచ్, అంటే తాడుని బిగించి పట్టే మీట, పెడితే ఒకే వించ్ అన్నిటికీ సరిపోతుంది. క్లచ్ కూడా తాడు లావుని బట్టే. తాడు పొడవు కొలిచేటప్పుడు స్తంభం ఎత్తుకి రెండింతలు, స్తంభం నుంచి మీ దాకా దూరం, పైన రెండు మీటర్లు వేసుకోండి. మీ స్తంభం 8 మీటర్లయితే 22 మీటర్లు తీసుకోవచ్చు.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ఎరువుల షాపులో దొరికే నీలం ప్లాస్టిక్ తాడు 10 మిల్లీమీటర్లది పడవకి వాడొచ్చా? దిగుమతి తాడు రేటు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

జవాబు: లాగే తాళ్ళకి వద్దు తమ్ముడూ. అది పాలీప్రొపిలీన్, బిగుసుగా, నున్నగా ఉంటుంది, డ్రమ్ము మీద జారుతుంది, క్యామ్ క్లీట్ దాన్ని పట్టుకోదు. మన ఎండకి ఏడాదిలో పొట్టు రాలుతుంది. దాని మంచి గుణం ఒకటే, నీళ్ళ మీద తేలుతుంది. పడినవాడికి విసిరే తాడుగా ఉంచుకో, ప్రతి వేసవి తర్వాత మార్చు.

షీట్లకీ హాలియార్డుకీ రెండు పొరల అల్లిక పాలిస్టర్ తాడు చాలు. 8 మిల్లీమీటర్లది తెగాలంటే టన్ను పైనే పడాలి, చిన్న పడవలో అంత బరువు ఎక్కడా రాదు, మరి లావు ఎందుకంటే అరచేతికి. 6 మిల్లీమీటర్ల తాడుని 40 కిలోల బరువుతో లాగి చూడు, వేళ్ళు కోసుకుపోతాయి. షీట్లకి 10, హాలియార్డుకి 8 తీసుకుంటే హాయి. నైలాన్ సాగుతుంది, అందుకే లంగరుకి అది బాగుంటుంది, హాలియార్డుకి పనికిరాదు, కట్టి పది నిమిషాలు కాకముందే తెరచాప కిందికి జారినట్టవుతుంది. డైనీమా అని ఇంకోటుంది, ఉక్కు తీగ కంటే గట్టిది, కానీ నున్నన, మామూలు ముళ్ళు జారిపోతాయి. పందేలకి పోయేవాళ్ళ సరుకు అది.

నాలుగు తాళ్ళూ నాలుగు రంగుల్లో కొను, దుకాణంవాడు ఒకటే రంగు చుట్ట తగ్గించి ఇస్తానన్నా సరే. సాయంత్రం వెలుతురులో ఒక్కడివే ఉన్నప్పుడు ఏది రీఫో ఏది హాలియార్డో వెతుక్కోనక్కర్లేకుండా ఉంటుంది.

ప్రశ్న: నంద్యాల నుంచి రాస్తున్నాను. అవుకు రిజర్వాయర్లో మా పడవ వించ్ నిరుడు బాగా గ్రీజు పెట్టి బిగించాను. మొన్న హ్యాండిల్ ఉన్నట్టుండి వెనక్కి గిర్రున తిరిగి మణికట్టుకి తగిలింది. వించ్ అరిగిపోయిందా?

జవాబు: అరగలేదు, మీ గ్రీజే చేసింది. వించ్ లోపల చిన్న నాలుకలుంటాయి, పాల్స్ అంటారు, వెనక చిన్న స్ప్రింగు. తిప్పేటప్పుడు టకటకమనేది అవే. అవి పళ్ళలో పడితేనే డ్రమ్ము వెనక్కి తిరగదు. వాటికి గ్రీజు పెడితే, అందులో మన ఎర్రదుమ్ము, నల్లరేగడి దుమ్ము కలిసి జిగురై, నాలుక లేవకుండా అంటుకుపోతుంది. సముద్రంలో వించ్‌కి ఉప్పు శత్రువు, ఇక్కడ దుమ్ము.

విప్పి కిరసనాయిల్లోనో డీజిల్లోనో కడిగి, పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. గేరు పళ్ళకీ బేరింగులకీ పల్చటి పొర గ్రీజు. నాలుకలకీ స్ప్రింగులకీ మాత్రం కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, అంతే. బిగించాక డ్రమ్ముని చేత్తో తిప్పితే టకటక శుభ్రంగా వినిపించాలి. మీది గాలిదుమారం జిల్లా కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఒకటి మే గాలుల తర్వాత.

నీళ్ళ మీద విప్పాల్సి వస్తే అట్టపెట్టె అడుగున డ్రమ్ము పట్టేంత కన్నం కోసి దాని చుట్టూ తొడిగి అప్పుడు విప్పండి. స్ప్రింగు ఎగిరితే పెట్టెలో పడుతుంది. నావి రెండు కృష్ణలో ఉన్నాయి.

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను సార్. తెరచాప పడవలో ప్రపంచం చుట్టొచ్చిన తెలుగమ్మాయిలు ఉన్నారా?

జవాబు: ఉన్నారమ్మా. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా నేవీ పడవ తారిణిలో ఆరుగురు మహిళా ఆఫీసర్లు చుట్టొచ్చారు, వాళ్ళలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అదే తారిణిలో 2024 అక్టోబరు నుంచి 2025 మే దాకా దిల్నా, రూప అని ఇద్దరే వెళ్ళొచ్చారు. అది 56 అడుగుల పడవ, దాన్ని ఇద్దరు నడపాలంటే వించ్‌లు, క్లచ్‌లు, గిలకలు ఎంత పక్కాగా ఉండాలో పై జవాబు చదివితే తెలుస్తుంది. ఒంటరిగా అయితే దిలీప్ దోండే 2009-10లో, ఎక్కడా ఆగకుండా అభిలాష్ టామీ 2012-13లో చుట్టొచ్చారు.

ప్రశ్న: మాది కర్నూలు. మా ఆయన ఆదివారమైతే సంగమేశ్వరం వైపు పడవలో ఒక్కరే పోతారు. కొత్తగా చుక్కాని కర్రని రబ్బరు తాడుతో కట్టేసి రెండు చేతులూ వదిలేసే ఏర్పాటు చేసుకున్నారట, గొప్పగా చెప్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆయన మీ శీర్షిక చదువుతారు.

జవాబు: చదువుతారు కాబట్టి ఆయనకే చెబుతున్నాను. సార్, చుక్కాని కట్టుకోవడం మంచి ఏర్పాటే, ఒంటరిగా పోయేవాళ్ళందరూ ఏదో ఒక రకంగా చేస్తారు. కానీ మీరు నీళ్ళలో పడితే? కట్టని పడవ చాలాసార్లు తనంతట తనే గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది. కట్టిన పడవ నిలబడదు, దాని దారిన అది పోతుంది. 4 నాట్ల వేగమంటే సెకనుకి రెండు మీటర్లు. మీరు తేరుకుని కళ్ళు తుడుచుకునేలోపు, అంటే పది సెకన్లలో, అది ఇరవై మీటర్ల దూరంలో ఉంటుంది, ఆ తర్వాత మామూలు మనిషి ఈదే వేగం దానికి సగం కూడా ఉండదు.

అందుకని చుక్కాని కట్టిన రోజు మిమ్మల్నీ కట్టుకోవాలి. ముందు నుంచి వెనక దాకా డెక్కు మీద గట్టి పాలిస్టర్ పట్టీ ఒకటి, దానికి తగిలించే బెల్టు తాడు ఒకటి. తాడు పొట్టిగా ఉండాలి, పడ్డాక పట్టుకునేది కాదు, పడకుండా ఆపేది. వెనక నిచ్చెన ఉంటే దాన్ని నీళ్ళలోంచి లాగి దించుకునేలా చిన్న తాడు వేలాడదీయండి, పైన మడిచి కట్టేసిన నిచ్చెన పడినవాడికి అందదు. మోటారు నడిపేటప్పుడు, మీరు పడగానే దాన్ని ఆపే తీగ మణికట్టుకి ఉండాలి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో ఒంటి మీదే పెట్టుకోండి, నల్లమల వైపు సిగ్నల్ ఉన్నా లేకపోయినా. నీటిమట్టం కూడా చూసుకుని పోండి, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, అది దిగే కొద్దీ మునిగిన మొద్దులూ గోడలూ పైకొస్తుంటాయి, సంగమేశ్వరం గుడి ఎలాగూ మీకు తెలుసు.

అమ్మా, మీరు చేయగలిగింది ఒకటుంది, లైఫ్ జాకెట్ మీరే కొనండి. 150 న్యూటన్లు అని రాసి ఉన్నది తీసుకోండి, అది స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖం పైకి ఉంచడానికి చేసింది. 50 న్యూటన్లది ఈతగాళ్ళకి సాయం మాత్రమే. సైజు చొక్కా కొలతతో కాదు, మనిషి బరువుని బట్టి ఉంటుంది, కొనేముందు ఆయన్ని తూకం మిషన్ ఎక్కించండి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందో లేదో చూడండి, లేకపోతే నీళ్ళలో జాకెట్ చెవుల మీదికి ఎక్కి కూర్చుంటుంది.